మామ్మ నోట అబద్ధం, నా నోట జీడి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికి ఎవరితో తగువొచ్చినా పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళేముందు మా వాకిట్లోకి వచ్చేవారు. గట్టు ఎవరు తెగ్గొట్టారు, ఎవరి బాతులు ఎవరి మడిలో పడ్డాయి, ఇలాంటి తగువులే అన్నీ. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, చూసింది చూసినట్టు చెప్పేది, చూడనిది చూడలేదనేది. ఆవిడ చెప్పాక ఇంక ఎవరూ నోరెత్తేవారు కాదు. కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు మాది. సగం ఊరు గుడికీ, మాలాంటి మిగతా సగం చర్చికీ వెళ్ళేవాళ్ళం. మామ్మ అబద్ధమాడదన్న సంగతి మాత్రం రెండు సగాలూ ఒప్పుకునేవి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఏలూరులో మా చర్చి యువజనుల కూటంలో ఒక కుర్రాడు లేచి, మంచి కోసం అబద్ధమాడితే పాపమా కాదా ఒక్క ముక్కలో చెప్పండి టీచరుగారూ అన్నాడు. ఒక్క ముక్కలో తేలే సంగతైతే దాన్ని ఇన్నేళ్ళుగా నేనెందుకు మోస్తాను? కూర్చో నాయనా, కథ చెబుతానన్నాను. ఆ కుర్రాడికి చెప్పిన కథే ఇది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. తల్లి లేని పిల్ల. నా జడలు వేసేదీ, పేలు చూసేదీ ఆమే. వాళ్ళ నాన్నగారు మా సంఘంలో పెద్ద, ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. మంచివాడే. కోపమొస్తే మాత్రం ఆ మనిషి మనిషి కాడు. అక్కను కలిదిండిలో ఉండే మేనమామకిచ్చి చేస్తానని మాటిచ్చేశాడు. ఆ మేనమామకు అప్పటికే ఒక భార్య పోయింది, వయసు అక్కకు రెట్టింపు. అక్కకేమో నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని. చేసుకోనంది. ఇచ్చిన మాట తప్పితే నేను అబద్ధికుణ్ణి కానా అని ఆయన, చస్తే చేసుకోనని ఆమె. ఆఖరికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం దోనె నడిపే గెడకర్ర తీసి తల మీద కొట్టాడు.

ఆ దెబ్బతో అక్క పరిగెత్తుకుంటూ మా పెరట్లోకి వచ్చి పడింది. చెవి పక్కనుంచి రక్తం కారుతోంది. మా పెరట్లో చేపలు పట్టే వెదురు మావులు, ఆ బుట్టల్లాంటివి, గోడకి ఆనించి గుట్టగా పేర్చి ఉండేవి. మామ్మ ఒక్క మాట కూడా అడగలేదు. అక్కను ఆ గుట్ట వెనక్కి నెట్టి, తన తలగుడ్డ తీసి దెబ్బ మీద అదిమి పట్టుకోమంది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి రేకుడబ్బా తెచ్చింది. అందులో నువ్వుజీడి, అంటే బెల్లంపాకంతో చేసే సాగే మిఠాయి, ఉండేది. ఆదివారం బడిలో ఆజ్ఞలు తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలకి మాత్రమే, అదీ గోరంత ముక్క పెట్టేది. ఆ రోజు నా నోరు పట్టనంత ముక్క విరిచి నోట్లో కుక్కింది.

"నవులు. అది అయ్యేదాకా మాట్లాడకు" అంది.

ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పళ్ళకి పళ్ళు అంటుకుపోయాయి. ఇంతలో పక్కింటాయన గెడ చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. అంత కోపంలోనూ గుమ్మం బయటే ఆగి, మా పిల్ల ఇటొచ్చిందాండి మామ్మగారూ అని మర్యాదగానే అడిగాడు. మామ్మ ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"రాలేదబ్బాయ్. నేను పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాను. ఇటెవరూ రాలేదు."

ఆయన నావంక చూశాడు. నేను నవులుతున్నాను. ఇంకెవరి ఇల్లయినా అయితే లోపలికొచ్చి వెతికేవాడు, మావులన్నీ తన్నేసేవాడు. మామ్మ మాట కనక, సరేనండి అని తల దించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, అక్క కోసం కాదు. అబద్ధమాడితే ఏమవుతుందో నాకు నేర్పింది మామ్మే కదా, ఇప్పుడు మామ్మ నరకానికి పోతుందని బెంగ. నవ్వకండి, నిజంగానే అన్నం తినలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా మా నాన్న అక్కను దోనెలో పడుకోబెట్టి, పైన కిక్కిస గడ్డి కప్పి ఏలూరు వైపు దాటించాడు. మామ్మ కూడా వెళ్ళింది. అక్కణ్ణించి పాసింజరులో తాడేపల్లిగూడెం. మా సంఘం అయ్యగారి, అంటే పాస్టరుగారి, భార్యకి అక్కడొక చెల్లెలు ఉండేది, ఆసుపత్రిలో నర్సు. పిల్లను ఆవిడకి అప్పజెప్పి, దెబ్బ మానేదాకా నాలుగు రోజులుండి శనివారానికి మామ్మ ఇంటికొచ్చింది. ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. బల్లకి రొట్టె కాల్చేది ఎప్పుడూ మా మామ్మే.

ఈలోగా పక్కింటాయన, అమ్మాయిని తణుకులో పెద్దమ్మగారింటికి పంపానని ఊరంతా చెప్పుకున్నాడు. పరువు కోసం ఎంత మాటైనా ఆడతాడని మా అమ్మ మూతి తిప్పింది. పొద్దున్నే దోనె వేసుకుని వెళ్ళేవాడు, చీకటి పడుతుంటే వచ్చేవాడు. మా ఊళ్ళో మగవాళ్ళందరూ అంతే కనక ఎవరం పట్టించుకోలేదు.

ఆదివారం మామ్మ రొట్టె కాల్చి తెల్లగుడ్డ కప్పి చర్చికి తెచ్చింది. అందరూ బల్ల దగ్గరికి వెళ్ళారు. మామ్మ చాప మీంచి లేవలేదు. కాల్చిన మనిషే రొట్టె ముట్టకపోయేసరికి ఆడవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. మధ్యాహ్నం అయ్యగారు మా ఇంటికొచ్చారు. ఆయనకి సంగతి తెలుసు. చాలా మెత్తని మనిషి. బైబిల్లో వేగులవాళ్ళను మిద్దె మీద జనపకట్టెల్లో దాచి, వెతకడానికొచ్చినవాళ్ళకి వెళ్ళిపోయారని చెప్పిన ఆడమనిషిని గుర్తుచేసి, ఆవిణ్ణి దేవుడు మెచ్చుకోలేదాండి, మీరెందుకిలా కుమిలిపోతారన్నారు.

మామ్మ తల అడ్డంగా ఊపింది. "దాచినందుకు మెచ్చుకున్నాడండి. అబద్ధమాడినందుకు మెచ్చుకున్నట్టు నాకెక్కడా కనపళ్ళేదండి" అంది.

మరైతే ఏం చేసుండాల్సిందని ఆయన అడిగారు. అదే చేసేదాన్ననీ, రేపు ఇంకో పిల్ల వచ్చినా అదే చేస్తాననీ మామ్మ తడుముకోకుండా చెప్పింది. అయ్యగారు నవ్వి, అయితే క్షమాపణ దేనికి, దేవుడికి చెప్పుకున్నారు, అయిపోయింది కదా అన్నారు. అక్కడే మామ్మకి మింగుడు పడలేదు.

"నేను అబద్ధం చెప్పింది దేవుడికి కాదు కదండీ. నన్ను నమ్మి వెళ్ళిపోయింది పక్కింటబ్బాయి. ఆయనతో తేల్చుకోకుండా బల్ల దగ్గరికెలా వస్తానండి?"

 అయ్యగారు వెళ్ళేటప్పుడు, పిల్ల అక్కడ భద్రంగానే ఉంది, ఆయనతో తేల్చుకున్నా ఎక్కడుందో బయటపెట్టక్కర్లేదు, ధైర్యంగా వెళ్ళండన్నారు. ఆయన అలా అనకపోతే మామ్మ ఇంకెన్నాళ్ళు తాత్సారం చేసేదో నాకు తెలీదు. ఎందుకంటే భయం ఆవిడకీ ఉంది. ఒప్పుకుంటే మాట పోతుంది, పైగా ఆయన కోపం సంగతి తెలిసిందే.

సోమవారం పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళింది. పక్కింటాయన దోనె ఎక్కబోతున్నాడు. వల లేదు, మావు లేదు, చేతిలో గెడ ఒక్కటే ఉంది. గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, ఆయన మొహం నేను గుర్తుపట్టలేకపోయాను. మామ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అబ్బాయ్, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నీ కూతురు అప్పుడు మా మావుల వెనకే ఉంది. దాచినందుకు నేను బాధపడట్లేదు. అబద్ధమాడినందుకు మాత్రం నన్ను క్షమించు."

కొడతాడేమోనని నేను మామ్మ చీర పట్టుకున్నాను. ఆయన కొట్టలేదు.  "బతికే ఉందాండి?" అన్నాడు. అని అక్కడే బురదలో చతికిలపడిపోయాడు.

ఏడుస్తూనే చెప్పాడు. మా ఇంట్లో చనువుగా తిరిగే పిల్ల మా ఇంటికే రాలేదంటే ఇంకెక్కడికి పోతుంది, నీళ్ళలోకే పోయి ఉంటుందనుకున్నాడట. రాలేదన్నది మా మామ్మ కనక అనుమానించే పనే లేదు. ఎవరికీ చెప్పుకోలేక, తణుకు వెళ్ళిందని ఊరికి చెప్పి, ఇన్నాళ్ళూ కిక్కిస పొదల్లో, పడవలు తిరగని లోతుల్లో, ఆ పిల్లను కొట్టిన ఆ గెడతోనే అడుగు పొడుచుకుంటూ శవం కోసం వెతుకుతున్నాడు. ఏదైనా తగిలితే దేవుడా కాకూడదు అనుకుంటూ దిగి చేత్తో తడిమేవాడట.

మామ్మ కూడా ఆ బురదలోనే కూలబడిపోయింది. ఎవరిముందూ కంటతడి పెట్టని మనిషి, ఎంత పని చేశాన్రా నాయనా, ఎంత పని చేశాను అని తల బాదుకుంది. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మామ్మ సిగ్గుపడలేదు. నేనూ ఏడ్చాను.

కాస్త తెప్పరిల్లాక ఆయన, ఎక్కడుందండి అని అడిగాడు. తెలీదంటే సరిపోయేది. మామ్మ అనలేదు.

"తెలుసు. చెప్పను. అది రమ్మన్నాక నేనే తీసుకెళ్తాను."

ఆయన గెడ వంక చూసుకున్నాడు. సరేనండి అన్నాడు, ఆ రోజు మా వాకిట్లో అన్నట్టే. అక్క రమ్మనడానికి చాలా కాలం పట్టింది. కలిదిండి సంబంధం ఆయనే వెళ్ళి వద్దని చెప్పి వచ్చాడు. తర్వాత కాలంలో అక్క నర్సయ్యింది, ఆయన అప్పట్లో ఊరికి చెప్పుకున్న ఆ తణుకులోనే పనిచేసి రిటైరైంది. తండ్రిని ఆఖరి రోజుల్లో చూసుకున్నది ఆమే. చెవి పక్కన మచ్చ ఇప్పటికీ ఉంది, జుట్టు నెరిశాక ఇంకా బాగా కనిపిస్తుంది.

తర్వాతి బల్లకి మామ్మ లేచి వెళ్ళింది. కానీ ఆవిడ మాట ఊళ్ళో మునుపటిలా చెల్లలేదు. తగువులవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళు కూడా, ఒకసారి మావుల వెనక చూసి చెప్పండి మామ్మగారూ అని మేలమాడేవారు. ఆవిడా నవ్వేసేది. లోపల నొచ్చుకునేదని నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ళు వెళ్ళాక పనంతా చప్పుడు చేస్తూ చేసేది.

జీడి సంగతి పెద్దయ్యాక అడిగాను. "నీ చేత నిజం చెప్పిస్తే ఆ పిల్ల పోయేది. అబద్ధం చెప్పిస్తే నువ్వు పోయేదానివి. అది నేను ఒక్కదాన్నే మోయాలి" అంది. అబద్ధం చెప్పకుండా ఉండాల్సిందా మరి అంటే, ఆ పిల్ల నెత్తుటి మొహం చూశావు, ఆయన మొహమూ చూశావు, ఏమనుకుంటావో అనుకో, రెండూ నేను మోయాల్సినవే అంది. అంతకుమించి నాకు పాఠం చెప్పలేదు.

ఇదంతా విని యువజనుల కూటంలో ఆ కుర్రాడు, అయితే పాపమా కాదా అని మళ్ళీ అడిగాడు. నాకు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది. నాకు తెలిసింది ఇంతే. ఇన్నేళ్ళ బతుకులో నేనూ అబద్ధాలు చెప్పాను, ఆసుపత్రి మంచాల పక్కన, గుమ్మాల దగ్గర, కొన్ని మళ్ళీ చెప్పాల్సొచ్చినా చెబుతాను. కానీ చెప్పి ఊరుకోను. నా మాట నమ్మి ఎవరైనా ఎక్కడైనా గెడ పట్టుకుని నీళ్ళు వెతుకుతున్నారేమో, వెళ్ళి చూసొస్తాను.