కారును ఆపిన బట్టల బండ

ఇరవయ్యేళ్ల కిందట, నేను డిగ్రీలో ఉన్నప్పటి మాట. శామీర్‌పేట దగ్గర దేవరయాంజాల్లో మా ఇల్లు. మా అక్క భర్త కొన్న పాత ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ పాడైతే, మేమే విప్పుదామని వాలుగా ఉన్న మా వాకిట్లో ముందు భాగం లేపి ఇటుకల మీద నిలబెట్టాం. బావ కొబ్బరికాయ కొట్టి, వెనక టైర్లకు నిమ్మకాయలు ఆనించాడు. రాళ్లు పెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

"బావా, హ్యాండ్‌బ్రేకు పని జేస్తలేదు గదా?"

"పార్కింగ్ గేర్ల ఉందిరా. ఏనుగొచ్చి నూకినా కదలది."

నేను కిందికి దూరి, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే రాడ్డు ఊడదీశాను. చక్రాలను పట్టి ఉంచింది ఆ గేర్‌బాక్సేనని అప్పుడు తెలిసింది. నిమ్మకాయలు చిట్లాయి. కారు వెనక్కి కదిలింది. నా తల పక్కనే ఇటుకలు కిర్రుమన్నాయి. జానెడు జరిగి, ధన్‌మని ఆగింది.

పాక్కుంటూ బయటపడి చూస్తే, వెనక టైరు మా అవ్వ, అంటే అమ్మ, బట్టలుతికే బండకు ఆనుకొని ఉంది. కారుకు అడ్డంగా ఉందని, దాన్ని తీయించాలని బావ వారంగా పోరుతున్నాడు.

"జూసినవా, నిమ్మకాయలు కాపాడినయ్" అన్నాడు బావ, చిట్లిన నిమ్మకాయ చూపిస్తూ.

అవ్వ నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమి, బావ వైపు తిరిగింది. "అల్లుడా, బండ తీస్తనంటివి గద. ఇగ తియ్యి."

బావ కారునే తీసేశాడు. ఇప్పటికీ దసరా వాహనపూజలో మా ఇంట్లో మొదటి బొట్టు ఆ బండకే.