పాము కంట్లో ఫొటో

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే రోజుల్లో, ఆదివారాలు నేను వినుకొండ రోడ్డు పక్కన మురుగు కాలువ గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఫిల్ము కెమెరాల చివరి రోజులవి. అక్కడ తూటికాడల మధ్య ఒక నీరుకట్టు పాము ఉండేది. విషం లేదు. కప్పలకు తప్ప ఎవరికీ దానితో ఇబ్బంది లేదు. దాని ఫొటో ఒక్కటి సరైనది తీయాలని నా కోరిక. దానికి ఆ తొందరేమీ ఉన్నట్టు లేదు.

ఆ ఆదివారం ఎట్టకేలకు అది తల పైకెత్తి, నీళ్ళ మీద తేలుతున్న పురుగుమందు సీసాకు గడ్డం ఆనించింది. పసుప్పచ్చని ఒంటి మీద నల్లటి గళ్ళు, అచ్చం చీరాల లుంగీలా. ఫోకస్ తిప్పుతుంటే వెనకనుంచి కేక.

"కదలొద్దు మాస్టారూ!"

అదిరిపడి బటన్ నొక్కేశాను. రీల్లో అదే ఆఖరిది.

పక్క మిరప చేను రైతు. వీపున మందు డబ్బా, చేతిలో కర్ర.

"ఏం పామండీ అది?"

"నీరుకట్టు."

"కట్లపామా!"

"కట్లపాము కాదండీ. నీరుకట్టు. విషం ఉండదు."

"నీళ్ళల్లో ఉన్న కట్లపామేగా? జరగండి. మా కోడలు కాళ్ళూ చేతులూ కడుక్కునేది ఇక్కడే."

కోరల గురించి చెప్పాను, పొలుసుల గురించి చెప్పాను. వారమంతా క్లాసులో చెప్పేదే. అక్కడైతే నిద్రపోయేవాళ్ళు, ఇక్కడ కర్ర ఇంకాస్త పైకి లేచింది. మెడ పట్టేసింది, ఆకలేస్తోంది, మందు వాసనకి తల తిరుగుతోంది. సైన్సు తరఫున నా ఓపిక అక్కడితో అయిపోయింది.

"సరే, కొట్టండి. మీ ఫొటో దాని కంట్లో ఎప్పుడో పడిపోయింది. ఇక మీ ఇష్టం."

కర్ర ఆగింది.

"పగబడుద్దంటారా?"

"మీరెప్పుడూ వినలేదా?"

"చిన్నప్పట్నుంచీ వింటానే ఉన్నాం. చదువుకున్నోళ్ళే ఒప్పుకోరు."

"నేను ఒప్పుకుంటున్నాగా."

ఆయన కర్ర దించి, పాముకేసి ఓ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

రీలు కడిగించి చూస్తే సీసా మీద అక్షరాలు చదువుకోవచ్చు. పాము మాత్రం పసుపు మరక. దాని కంట్లో ఆయన ఫొటో ఇంతకంటే బాగానే వచ్చి ఉంటుంది.

తర్వాత చాలా ఆదివారాలు ఆ పాము అక్కడే కనబడింది. గట్టు మీద పసుపు చల్లి, కోడిగుడ్డు పెట్టి ఉండేది. అది గుడ్లు తినదని ఆయనకు చెబుదామనుకున్నాను. మళ్ళీ మొదట్నుంచీ ఎవరు చెబుతారు.