పాప పొట్టకు అంటుకున్న అయస్కాంతం

నా పుస్తెలతాడుకు వేలాడే పిన్నీసు కనిపించలేదు. బొంత మీద పాకుతున్న పాప మాత్రం నోట్లో ఏదో ఆడించి, గుటక వేసి, నవ్వింది.

నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. బొంతంతా తడిమినా పిన్నీసు దొరకలేదు.

"కడుపుల కుచ్చుకుంటదే!" అని అత్తమ్మ నెత్తి పట్టుకుంది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. భయం వేస్తే నాకు పాఠాలు గుర్తొస్తాయి. పరివర్తన మూలకాల్లో అయస్కాంతానికి గట్టిగా అంటుకునేవి ఇనుము, కోబాల్టు, నికెలు. పిన్నీసు ఇనుమే కదా!

"మామా, ఇంట్ల అయస్కాంతం ఉన్నదా?"

ఉంది. మామ సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయినప్పుడు ఆటోకు కట్టి తిప్పిన మైకు అటక మీద పడి ఉంది. దాన్ని పగలగొట్టి, బిస్కెట్టంత అయస్కాంతం తెచ్చి బొంత మీద పడేశాడు.

"ఓట్లనైతే గుంజలే. పిన్నీసునన్న గుంజుతదేమో సూడు."

తుప్పు పాపకు తగలకూడదని, చూడకుండానే దాన్ని చున్నీలో చుట్టి, గౌను మీంచే బొడ్డు కింద పెట్టాను. టక్కున అంటుకుంది. పక్కకు జరిపితే మళ్లీ అక్కడికే పోయింది.

"రోజు ఐరన్ టానిక్ పోస్తున్నవ్ గదా," అన్నాడు మామ. "గదే గిట్ల పట్టుకున్నదేమో?"

టానిక్‌లో ఇనుము అలా అంటుకోదని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం, సీసాలో ఎంత అయిపోయిందో చూసి వచ్చాను.

మొయినాబాద్‌లో ఎక్స్‌రే దొరకదేమోనని మామ కారు చేవెళ్లకే పోనిచ్చాడు. దారంతా అయస్కాంతాన్ని పాప పొట్ట మీద అదిమి పట్టుకున్నాను, వదిలితే పిన్నీసు పేగుల్లోకి జారిపోతుందని. పాపేమో చక్కగా నిద్రపోయింది. అత్తమ్మ మాత్రం మెయిన్ రోడ్డెక్కినప్పటి నుంచి పాప గౌను కిందికి లాగి సర్దుతూనే ఉంది.

దవాఖానలో ఎక్స్‌రే తీసే అమ్మాయి మొలతాడు తీసేయమంది. అత్తమ్మ పాపను గట్టిగా పట్టుకుంది.

"మొలతాడు ఇప్పద్దు."

"ఎందుకు అత్తమ్మా?"

"దాన్ల జర ఇనుము ఉన్నది."

మొలతాడుకు నల్లగుడ్డలో కుట్టిన చిన్న మూట ఉంటుంది. లోపల వసకొమ్ము ఉందని కట్టిన రోజు అత్తమ్మ నాతో చెప్పింది. నిజానికి ఉన్నది గుర్రపు నాడా ముక్క.

"దార్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తే లొల్లి చేస్తవని. పురిట్ల దిండు కింద కత్తి పెడితే తీసి పారేస్తివి. మరి బిడ్డకు దిష్టి తగలదా?"

మొలతాడు విప్పగానే అయస్కాంతం నా చేతిలోకి ఊడి వచ్చింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, "కడుపుల ఏం లేదమ్మా, గ్యాస్ తప్ప," అన్నాడు.

"మరి పిన్నీసు ఏది సార్?"

"అది నాకెట్ల తెలుస్తది?"

కళ్లు తుడుచుకుందామని చున్నీ విప్పాను. అయస్కాంతం వెనకవైపు అంటుకుని ఉంది పిన్నీసు. బొంత మీద పడేసినప్పుడే పట్టుకుంది. దాన్ని మేమే జాగ్రత్తగా మూటగట్టి చేవెళ్ల దాకా తెచ్చాం.

"ఇన్నేండ్లకు గెల్సింది నా మైకు," అన్నాడు మామ.

ఇప్పుడా అయస్కాంతం పాప మంచం కోడుకు, నేలకు ఆనేలా కట్టి ఉంది. అంత ఇనుము ఉంటే ఏ దిష్టీ దగ్గరకు రాదని అత్తమ్మ. కింద పడినవన్నీ పాప కంటే ముందు దానికే దొరుకుతాయని నేను. ముడి ఇద్దరం కలిసే వేశాం.

ఇది రాస్తూ లేచి చూసి వచ్చాను. దానికి ఒక హెయిర్‌పిన్ను అంటుకుని ఉంది. నాది కాదు, అత్తమ్మది.