కొలకర్ర బాబాయ్

డీజిల్ బండి పొలం గేటు దాటకముందే బాబాయ్ కొలకర్ర పట్టుకుని తన డీజిల్ నిల్వ ట్యాంకు పక్కన నిలబడతాడు. పోయకముందోసారి, పోశాకోసారి ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో గోరు నొక్కిపెట్టి చూస్తాడు. బండి మీటరు మీద ఆయనకు ఆవగింజంత నమ్మకం లేదు. అసలు ట్యాంకుకు చోటు తేల్చడానికే ఏడాది పట్టింది. రోడ్డుకు దగ్గరైతే దొంగల భయం, ఇంటికి దగ్గరైతే మంటల భయం. చివరికి షెడ్డు వెనక, పడగ్గది కిటికీలోంచి కనిపించేలా సిమెంటు దిమ్మ కట్టించి, దాని మీద పెట్టించాడు.

వానలు వెలిశాక వచ్చిన బండి ఖాళీ ట్యాంకులో పోశాక, కొలత ఎప్పటికన్నా రెండు వేళ్లు తగ్గింది. "ఏమయ్యా, దారిలో ఎక్కడ దించావు?" అన్నాడు. "బండి సీలు మీ చేత్తోనే తెంపారు కదా బాబాయ్," అన్నాడు డ్రైవరు మొహం మాడ్చుకుని. "దొంగకు సీలొక లెక్కా!" వింటున్న పిన్ని చెంబుడు నీళ్లు తెచ్చి దిమ్మ మీద పోసింది. నీళ్లన్నీ ఒకే మూలకు పరుగెత్తాయి. "కుంగింది మన దిమ్మండీ. ఎత్తువైపు ముంచితే తక్కువ కాక ఎక్కువ చూపిస్తుందా?" బాబాయ్ లోపలికెళ్లి, పదేళ్లలో మొదటిసారి, డ్రైవరుకి కుర్చీ తెచ్చి వేశాడు. తను మాత్రం కుంగిన మూల పక్కన కొలకర్ర పాతి, దిమ్మ ఎత్తుకు గీత గీసి, నేలకేసి రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు.