మా మామ సుడులు చూసిన విదేశీ కారు

ఆ రోజుల్లో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా విదేశీ కారు స్టీరింగ్ పట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే మీ ఇష్టం. నా కారు వనపర్తి బస్టాండు ముందుకు వచ్చిందంటే ఎర్ర బస్సులు పక్కకు ఒదిగి దారి ఇచ్చేవి. కండక్టర్లు మెట్ల మీద నిలబడి తొంగి చూసేవాళ్ళు. హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా రోడ్డు మీదికి వచ్చేసేవాళ్ళు. ఇంజన్ చప్పుడంటారా, చెవి ఆనించి విన్నా వినపడేది కాదు. పెట్రోలు చుక్క తాగేది కాదు. (ఇక్కడ మీకు అనుమానం వచ్చే ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి, పెద్దవాణ్ణి, నా వరసలో నన్ను చెప్పనివ్వండి.) ఇప్పుడు మా వీధి కుర్రవాళ్ళు సాయంత్రం కాగానే మా అరుగు మీద చేరి, ఫోన్లు ముందేసుకుని, అదే ధరకు ఎవరో వాడిన పెద్ద కారు కొనాలా, షోరూం నుంచి కొత్త చిన్న కారు తెచ్చుకోవాలా అని జుట్లు పట్టుకున్నంత పని చేస్తుంటారు. వాళ్ళు చూసేది మైలేజీ, ఇంటి ముందు దర్జా. నాకు ఆ చిక్కు వచ్చిన నాడు మాత్రం కారు వెనక సీట్లో ఒక పిల్ల కూర్చుని ఉంది. కారుతో పాటు ఆ పిల్ల కూడా దక్కుతుందా దక్కదా అన్నదే అసలు సంగతి.

ఆ పిల్ల మా మేనమామ కూతురు. మామ వనపర్తిలో ఎడ్ల బేరగాడు. పెబ్బేరు సంతలో ఆయన చెయ్యి పడని జత ఉండేది కాదు. ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పేవాడు, ఒంటి మీద సుడి చూసి అది కొన్న ఇల్లు బాగుపడుతుందో గుల్లవుతుందో చెప్పేవాడు, నడక చూసి దాని పాత యజమాని గుణం కూడా చెప్పేవాడు. నేను అప్పుడు నాగర్‌కర్నూల్లో ఒక వ్యాపారి జీపు తోలుతున్నాను. పిల్లకు నేనంటే ఇష్టం, నాకు పిల్లంటే ప్రాణం, మా అత్తకు ఇద్దరి మీదా జాలి. మామకే ఒక పట్టింపు.

"వేరేటోని బండి తోలెటోనికి పిల్లనియ్య అల్లుడా. సొంత బండి తెచ్చి నా వాకిట్ల నిలవెట్టు, తెల్లారి లగ్గం పెట్టనీకి అయ్యగారిని పిలిపిస్త. దసరా దాంక చూస్త. దాటిందంటె గుమాస్తా సంబంధం ఖాయం చేస్త, మల్ల నన్ను అడుగొద్దు."

గుమాస్తా అంటే నాగర్‌కర్నూల్లోనే ఒక సర్కారు ఆఫీసులో పనిచేసే కుర్రవాడు. అతనికి బండి లేదు, కానీ కుర్చీ ఉంది. సర్కారు కుర్చీ ముందు జీపు డ్రైవరు ఎంత? అన్నదమ్ముల పంపకంలో నా వాటాకు వచ్చిన మెట్ట చెలక అమ్మేసి, ఆ డబ్బు పట్టుకుని మహబూబ్‌నగర్ వెళ్ళాను. కొత్త చిన్న కారు కావాలంటే ఇవాళ డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూడాలన్నారు. దసరా ముంచుకొస్తోంది. సరిగ్గా అప్పుడే గద్వాలలో ఒక కాంట్రాక్టరు తన విదేశీ కారు అమ్మేస్తున్నాడనీ, కొత్త చిన్న కారు ధరకే ఇచ్చేస్తాడనీ తెలిసింది. పరుగెత్తుకుంటూ వనపర్తి వచ్చి, మామ ఇంటి వెనక గడ్డివాము చాటున పిల్లకు చెప్పాను.

"పాతది మనకెందుకు బావా? కొత్తదే బుక్ చెయ్యి" అంది.

"అది వచ్చేసరికి గుమాస్తా బిడ్డలు బడికి పోతుంటరు!"

"నేను లేనా? మా నాయినకు నేను చెప్పుకుంట."

"నువ్వేం చెప్తవ్, మీ నాయిన ముందు నిలవడితె నాకే కాళ్ళు వణుకుతయి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఎద్దుకు మేత వెయ్యడానికి వెళ్ళిపోయింది. ఆ చూపుకు అర్థం నాకు ఆ రోజు తెలియలేదు.

గద్వాలకు బయలుదేరిన రోజు మామ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకున్నాడు. అత్త, పిల్ల, మా అమ్మమ్మ అందరమూ బస్సెక్కాం. "ఎద్దును కొనేకాడ బరువు కట్టి చూస్తం. బండైతె ఏంది, చూడకుండ కొంటమా?" అన్నాడు మామ. కాంట్రాక్టరు ఊళ్ళో లేడు. అమ్మకం బాధ్యత తన పాత డ్రైవరు చాచాకు అప్పజెప్పి పోయాడు. చాచా షెడ్డు తలుపు తీశాడు. లోపల బూడిద రంగులో, రెండు మంచాలంత పొడవున, మూతికి వెండి తొడుగు వేసినట్టు మెరుస్తూ నిలబడి ఉంది. నేను చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళాను. చాచా భుజం మీది రుమాలు తీసి బానెట్ మీద లేని దుమ్ము తుడిచి, "బిడ్డ లెక్క చూసుకున్న బేటా. ఇయ్యాల అప్పజెప్తున్న" అని అదే రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మామ మాత్రం చలించలేదు. ముందుకు వెళ్ళి వంగి, ఆ వెండి తొడుగులో పళ్ళు వెతికాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తోక దగ్గర (డిక్కీ అని మనం అంటాం) అరచేత్తో చరిచాడు. ఎడమ తలుపు కింద ఒక గుండ్రటి సొట్ట కనిపించగానే ఆగిపోయాడు.

"అల్లుడా, ఎడమ దిక్కు సుడి ఉంది."

"మామా, అది సొట్ట."

"సొట్టే. యాడున్నదనేది చూడాలె. గీడ సుడి ఉన్న ఎద్దు తొవ్వల పండుకుంటది."

నేను నవ్వాను. చాచా కూడా నవ్వాడు. (ఆ నవ్వులు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) తర్వాత బేరం. సంతలో ఎడ్ల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. మామ అలవాటు ప్రకారం చాచా చేతి మీద తువ్వాల వేసి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. పాపం, చాచా పుట్టి బుద్ధెరిగి ఎద్దు కొన్నవాడు కాదు. బిడ్డ లాంటి కారును పంపిస్తున్నానని ఈ పెద్దమనిషి తనను ఓదారుస్తున్నాడనుకుని, కళ్ళు తుడుచుకుని మామ చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకున్నాడు. మామ ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"ఏందయ్యా, అడుగుడే గంత అడుగుతవ్? నీకేమన్న ధర్మం ఉందా?"

"నేనేం అడిగిన సాబ్? నువ్వే గదా చెయ్యి పట్టుకున్నవ్!"

అత్త మధ్యలో పడి, ముందు బండి నడిచేది చూడండి, బేరం వనపర్తిలో చేసుకోవచ్చు అని ఇద్దరినీ సముదాయించింది. మామ బజారుకు వెళ్ళి పల్లికాయ బస్తాలు తెచ్చి డిక్కీలో వేయించాడు. చాచా గుండె పట్టుకున్నాడు. అయినా మామ మాట మామదే. చాచా, మామ నా పక్కన ముందు సీట్లో ఇరుక్కున్నారు (ముందు సీటు కూడా మంచమే). వెనక అత్త, అమ్మమ్మ, మధ్యలో పిల్ల.

ఎర్రవల్లి చౌరస్తా దాటి పెద్ద రోడ్డెక్కాక కారు నడిచిన తీరు నేను చెప్పలేను. గుంతలున్నాయని కళ్ళకు తెలుస్తోంది గానీ నడుముకు తెలియడం లేదు. ఏసీ గాలికి అమ్మమ్మ గురక పెట్టింది. బీచుపల్లి దగ్గర ఆపి ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టాం. కృష్ణ మీద వంతెన దాటుతుంటే మామ కూడా కరిగాడు. "బస్తాలేసినా కుంటుతలేదు రా!" అన్నాడు. నేను అద్దంలో వెనక సీటు చూశాను. పిల్ల కిటికీలోంచి నీళ్ళు చూస్తోంది. నా పెళ్ళి అయిపోయినట్టే అనుకున్నాను. గుమాస్తా మీద జాలి కూడా పడ్డాను.

పెబ్బేరు వచ్చింది. ఆ రోజు సంత అన్న సంగతి, ప్రతి వారం ఆ సంతలో ఉండే మా మామ కూడా కారు మోజులో మరిచిపోయాడు. రోడ్డు నిండా ఎడ్లు, బర్రెలు, దూడలు, వాటి మధ్య గడ్డి బండ్లు. కారు అంగుళం అంగుళం జరుగుతోంది. చాచా నుదురు తుడుచుకున్నాడు.

"ఉర్కిచ్చు బేటా."

"ముందర బర్రెలున్నయి చాచా, యాడికి ఉర్కిచ్చాలె?"

"ఇది ఉర్కుతుంటె మహారాణి. ఎండల నిలవడ్డదంటె పరేషాన్ చేస్తది" అన్నాడు చిన్న గొంతుతో. గద్వాలలో ఆ ముక్క ఎందుకు చెప్పలేదని నేను అడిగేలోపే బానెట్ కింద నుంచి ఉడుకుతున్న కుండలా బుసబుస మొదలైంది. తెల్లటి ఆవిరి. ఒక చిన్న దగ్గు. అంతే, మహారాణి తొవ్వలో పండుకుంది. మామ తలుపు తీసి దిగి, ఎడమ పక్క సొట్టను చూసి, నా వైపు చూశాడు.

క్షణంలో సంతంతా మా చుట్టూ చేరింది. అందరూ మామను ఎరిగినవాళ్ళే. "ఏందే, ఎద్దులిడిసి ఏనుగును కొన్నవా?" అన్నాడొకడు. "పండ్లు చూసినవా పెద్దమనిషీ?" అన్నాడింకొకడు. నీళ్ళు పోశాం, తోశాం, చాచా దువా చేశాడు. అది కదల్లేదు. సరిగ్గా అప్పుడు అమ్మకానికి ఒక తెల్లటి జతను పట్టుకొచ్చిన రైతు మామ దగ్గర ఆగి, ఎంత బరువైనా గుంజుతాయి, కట్టి చూసుకోమన్నాడు. మామ కళ్ళు మెరిశాయి.

"బరువా? ఇంతకన్న బరువు ఈ సంతల యాడుంది? కట్టు. వనపర్తి దాంక గుంజితె నీ ఎడ్లు నేనే తీసుకుంట."

అలా, బరువు కట్టి చూద్దామని తెచ్చిన బండే బరువైంది. మోకు కట్టారు. మామ తువ్వాల తలకు చుట్టుకుని ఎడ్ల ముందు నడిచాడు. బస్తాలు దించుదామంటే వద్దన్నాడు, బరువు తగ్గితే పరీక్ష ఏముంటుందని. అత్త, అమ్మమ్మ ఆ మెత్తటి సీట్లోంచి దిగమన్నా దిగలేదు. ఇంజన్ ఆగిన ఆ స్టీరింగ్ విసుర్రాయి లాగా తిరిగింది. నా భుజాలు ఊడిపోయాయి. పొద్దు వాలే వేళకు వనపర్తి బస్టాండు ముందుకు వచ్చాం. ఎర్ర బస్సులు ఒదిగి దారి ఇచ్చాయి. ఎడ్ల కొమ్ములకు ఎవరు అడ్డం వస్తారు? కండక్టర్లు తొంగి చూశారు. చాయ్ గ్లాసులు బయటికి వచ్చాయి. ఇంజన్ చప్పుడు లేదు, పెట్రోలు ఖర్చు లేదు. మొదట్లో నేను చెప్పినదంతా నిజమే కదా! "వచ్చినప్పుడల్లా" అన్నట్టు చెప్పాను గానీ జరిగింది ఆ ఒక్కసారే. ఇంకా చెప్పాలంటే అది నా కారు కూడా కాదు. చాచా దాన్ని మర్నాడు మెకానిక్‌తో బాగుచేయించుకుని, చల్లని పొద్దులో, ఎవరూ చూడకముందే గద్వాలకు తీసుకుపోయాడు. పోయేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న సంతోషం చూస్తే, అమ్ముడుపోనందుకు కొబ్బరికాయ మొక్కుకున్నాడేమో అనిపించింది.

ఇక అసలు ఘట్టం. ఎడ్లు కారును మామ వాకిట్లోకి లాగి ఆగాయి. సొంత బండి కాకపోయినా ఏదో ఒక బండి వాకిట్లో నిలబడింది, అందులో అనుమానం లేదు. మామ మోకు విప్పుతూ, "రేపు గుమాస్తోళ్ళకు కబురు పంపాలె" అన్నాడు. వాడకట్టంతా వీధిలో గుమిగూడి చూస్తోంది. అప్పుడు నేను కారులోంచి దిగి, తలుపు ధడాలున వేసి, మామ ఎదురుగా నిలబడ్డాను. "మామా, దర్జాకు ఆశపడి తప్పు చేసిన. రేపే పోయి కొత్త చిన్న బండి బుక్ చేస్త. అది వచ్చేదాంక నీ బిడ్డను వేరేటోనికి ఇస్తె నేను ఒప్పుకోను!" అని గర్జించాను. మామ నన్ను పైనుంచి కిందికి చూసి, మంచి కోడెను చూసినట్టు భుజం చరిచాడు. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది దాటాక తెల్లటి చిన్న కారు వచ్చింది. మామ దానికీ సుడులు చూశాడు, లేవన్నాడు. ఆ కారులోనే పెళ్ళయింది. ఆ కారుతోనే నాగర్‌కర్నూల్ దవాఖానకు రోగులను, అలంపూర్‌కు భక్తులను మోసి ఇల్లు గడుపుకున్నాం. ఇప్పటికీ రోడ్డు మీద పొడుగాటి కారు ఏదైనా మెత్తగా జారుకుంటూ పోతే నా చెయ్యి దానంతట అదే గేరు కోసం వెతుకుతుంది. అప్పుడు ఆ వనపర్తి వాకిట్లో చెమటలు కక్కుతూ నిలబడ్డ కుర్రవాడు కళ్ళ ముందుకు వస్తాడు. వాడి బడాయి మీద నవ్వూ వస్తుంది, వాడి ధైర్యం మీద కొంచెం గర్వమూ కలుగుతుంది.

ఇంతవరకు రాసి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడకు చదివి వినిపించాను. గర్జన దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఎవరు గర్జించిండ్రు? నువ్వు కార్ల నుంచి దిగనే లేదు. మా నాయిన డోరు తీసి దిగుమంటె, స్టీరింగు పట్టుకోని ఏడుస్తుంటివి. కొత్త బండి బుక్ చేస్తడు, వచ్చేదాంక నేను ఆగుత, గుమాస్తోళ్ళను పిలిస్తివంటె ఆ ఎడ్ల ముందర నేనే అడ్డం పండుకుంట అన్నది నేను. నీ నోట్ల నుంచి వచ్చింది ఒక్కటే మాట, 'అత్తా, జర నీళ్ళియ్యి' అని. గదే రాయి."