ఎర్ర పెన్సిల్ మా ఇంటికొచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో కంప్యూటరంటే గది నిండా పరుచుకున్న యంత్రం. దాని ముందుకు చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. విశాఖలో మా ఆఫీసులో ప్రోగ్రాం కాగితం మీద రాసి, యంత్రం చదవడానికి వీలుగా కార్డులకు చిల్లులు గుద్దించే ముందు అందరి ఎదుటా నిలబడి లైను లైనూ చదవాలి. తప్పు కనబడితే మా సీనియర్ ఎర్ర పెన్సిల్‌తో బల్ల మీద టక్కున కొట్టేవాడు. (ఆయనకు నేను పెట్టుకున్న పేరు ఎర్ర పెన్సిల్.) ఆ చప్పుడుకి నా పై ప్రాణాలు పైనే పోయేవి. చోడవరంలో ఇంటికెళ్లినప్పుడు మా అత్త గిన్నెకి గరిటె తగిలించినా ఉలిక్కిపడి "సారీ సార్" అనేవాణ్ణి.

నా మొదటి సొంత ప్రోగ్రాం, గోడౌన్ సామాన్ల లెక్క, ఆ సోమవారం చదవాలి. అది గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయం. నేను శనివారమే కడుపునొప్పని చెప్పి బస్సెక్కేశాను. అత్త వాము కషాయం పట్టింది. (నిజం నొప్పి మొదలైంది ఆ తర్వాతే.)

మర్నాడు ఆ ఎర్ర పెన్సిలే కె.కోటపాడులో తన వాళ్లింటికి వెళ్తూ నన్ను చూసిపోదామని దిగాడు. ఆఫీసు నుంచొచ్చానని ఆయన అనగానే అత్త గుమ్మంలోనే మొదలెట్టింది. "మా గుంటడికి ఒంట్లో బాగోలేదు బాబూ. మీ ఆఫీసులో ఎవడో ఎర్ర పెన్సిలట, ఆడి దిష్టే తగిలింది. మీరైనా ఆడికి గడ్డి పెట్టండి!"

నేను దుప్పటి ముసుగు పెట్టేశాను.

"ఆడు నేనేనమ్మా," అన్నాడాయన, జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి.

"ఓలమ్మో!" అంటూ అత్త వంటింట్లోకి పరుగు.

ఆయన నా మంచం పక్కన చతికిలబడి సంచిలోంచి కాగితాలు తీశాడు. "లే, ఒరే బాబూ. ఇది నేను రాసింది. ముందు నా తప్పులు పట్టు. నీ సంగతి తరవాత సూద్దాం." పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

చదివాను. చివరి కార్డయ్యాక ఆగమని యంత్రానికి ఎక్కడా చెప్పలేదు! మంచం కోడు మీద మెల్లగా టక్ మనిపించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చూసుకుని, చెంబెడు నీళ్లు తాగి, పకపకా నవ్వేశాడు. "ఏటి సూస్తన్నావు? నాకూ దడేరా. అయినా ఇక్కడే దొరికింది, బతికిపోయేను." తర్వాత నేను వెంట తెచ్చుకున్న కాగితాల్లో బోలెడు తప్పులు పట్టి, అన్నీ నాచేతే దిద్దించాడు. నేనేమీ చచ్చిపోలేదు.

సోమవారం ఆయనే ముందు లేచి, "ఇక్కడ నేను తప్పు రాసేను. పట్టింది ఈ కుర్రోడు," అని అందరి ముందూ చెప్పాడు. ఎంత పెద్ద మనసండీ! నా వంతొచ్చినప్పుడు నేనూ చివరిదాకా చదివాను. ఉద్యోగం నిలిచింది.

తర్వాత నేనూ సీనియర్‌నయ్యాను. ఎందరి తప్పులో పట్టాను. నా తప్పు ఎవరైనా చూపిస్తే మాత్రం ఈ వయసులోనూ ముందు కోపమే వస్తుంది. కాసేపటికి, చెవులు ఎర్రబడ్డా నవ్విన ఆ మనిషి గుర్తొచ్చి, "ఎక్కడో చూపించు నాయనా" అంటాను. ఆ నవ్వు మాత్రం ఇంకా సరిగ్గా రావడం లేదు.