ప్యాకెట్లు తిప్పి చదివే గ్రేస్ టీచర్

గ్రేస్ టీచర్ మా అంగడి మెట్లెక్కుతోందంటే నాకు ఒళ్లు మండేది. ధర్మవరంలో మా మగ్గాల వీధికి ఆమె అంగన్‌వాడీ టీచర్. పొద్దంతా పిల్లలకు పాటలు నేర్పుకుని, వాళ్ల బరువులు చూసుకుని ఇంటికి పోతే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. సాయంత్రమయ్యేసరికి సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. కొనేది అర కిలో కందిపప్పు. చదివేది మాత్రం అంగడిలోని ప్యాకెట్లన్నీ.

చదివి ఊరుకున్నా సరిపోయేది. పక్కనున్న వాళ్లకు వినిపించేది. ఒకరోజు పక్కింటి కుళ్ళాయమ్మ నూనె ప్యాకెట్ తీసుకుంటుంటే అడ్డం వచ్చింది.

"కొలెస్ట్రాల్ లేదని పెద్ద పెద్ద అక్షరాలు కొట్టినారు చూడమ్మా. శనగ నూనెలో అది ఎప్పుడుండాది? లేనిదాన్ని లేదని చెప్పేదానికి అంత గొప్పలా?"

కుళ్ళాయమ్మ ప్యాకెట్ నా చేతికిచ్చి గానుగ దగ్గరికి వెళ్లిపోయింది. ఇలా రోజుకొకరిని తోలేసేది. ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు కూడా ఉండదు. నవ్వుతూ చేసినా కొంచెం ఓర్చుకునేవాడినేమో.

ఆమెది రొద్దం దగ్గర పల్లె. కూలి చేసుకునే మారెప్ప కూతురు. పెనుకొండలో హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. అక్కడ నేర్చిన ఇంగ్లీషే నా ప్రాణానికొచ్చింది. భర్త సాల్మన్ రైల్వేలో గ్యాంగ్‌మన్. అతనికి బీపీ ఉందని, ఉప్పు తగ్గించాలని డాక్టరు చెబితే ఆమె కూరలో ఉప్పు దాదాపు మానేసింది. చప్పిడి కూర మింగుడు పడక అతను డ్యూటీ నుంచి వస్తూ మిక్చర్ ప్యాకెట్లు తినేవాడు. వాటిలో ఎంత ఉప్పుందో మొగుడికీ తెలియదు, పెళ్లానికీ తెలియదు. 2003లో పక్షవాతం వచ్చి, మూడు నెలలు మంచంలో ఉండి చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె ప్యాకెట్లు తిప్పి చదవడం పట్టుకుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసినా జాలి కలగలేదు. నీ మొగుడు పోతే నా అంగడి మీద పడతావేమిటని కోపంగానే ఉండేది. దానికి తోడు 2009 వచ్చేసరికి ఏ ప్యాకెట్ తిప్పినా వెనక ఏది ఎంతుందో చెప్పే గ్రాముల పట్టిక కనబడసాగింది. ఆమెకు పండగైంది, నాకు పీడ పట్టింది.

ఆ ఏడాదే మా నాయన గంగాధరప్పకు షుగర్ బయటపడింది. నలభై ఏళ్లు మగ్గం గుంతలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కిన మనిషి. చీర నేయడానికి చేతులెంతో కాళ్లూ అంతే. తొక్కే చెక్కకు పేడు లేచి కుడికాలి బొటనవేలికి గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. చూసుకునేసరికి పుండైంది.

"అన్నం తగ్గించి రాగులు తినండి. షుగర్ దిగకపోతే ఈ వేలు నిలవదు," అన్నాడు డాక్టరు.

రాగుల గురించి మాకు ఒకరు చెప్పాలా? పుట్టింది మొదలు సంగటి తిన్నవాళ్లం. కానీ నా భార్య రోజాకు పొద్దున్నే ఎసరు పెట్టి, కట్టెతో గెలికి, ముద్దలు కట్టే ఓపిక లేదు. నా అంగడిలోనే రాగి మాల్టు ప్యాకెట్లున్నాయి. అట్ట మీద నిండు రాగి కంకుల బొమ్మ. ఇంకేం కావాలి? వేడినీళ్లలో కలిపి రోజుకు మూడు గ్లాసులు నా చేతులతోనే ఇచ్చాను. కొడుకంటే నేనే అని లోపల కొంచెం గర్వం కూడా పడ్డాను.

"తియ్యగుండాది గదరా ఇది," అన్నాడు నాయన మొదటి రోజే.

"మొలకెత్తించిన రాగులు నాయనా. మొలక వస్తే తీపి రాదా?"

రాగులు తినే ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. మొలక కట్టి ఆరబెట్టి విసిరిన పిండి ఒకింత తీపిగానే ఉంటుంది. మా అవ్వ పసిపిల్లలకు అదే కాచి పోసేది. నాయన తలూపి తాగాడు.

నెల తిరిగేసరికి షుగర్ దిగలేదు సరికదా, పరగడుపున చూస్తేనే మూడొందలు దాటింది. పుండు వేలి కిందికి పాకింది. నా అనుమానం ముందు రోజా మీదికి పోయింది, తర్వాత నాయన మీదికి. అంగడి ఇంటి ముందరి గదిలోనే ఉంది కాబట్టి బెల్లం దొంగతనంగా తింటున్నాడని తేల్చేశాను. బెల్లం డబ్బాకు తాళం వేశాను. అదీ చాలలేదు. ఒక సాయంత్రం సరుకులకొచ్చిన ముగ్గురు నిలబడి చూస్తుండగా ఆయన చొక్కా జేబు తడిమాను.

"నేను తినలేదురా," అన్నాడు ఆయన. రెండోసారి అనలేదు.

ఆ ముగ్గురిలో గ్రేస్ టీచర్ ఉంది.

"ఏమిస్తాండావప్పా ఆయనకు?" అంది.

"రాగులు. డాక్టర్ చెప్పిందే ఇస్తాండా. నీకెందుకు?"

ఆమె అలమరలోంచి మాల్టు ప్యాకెట్ లాగి బోర్లా తిప్పింది.

"ఏది ఎక్కువ పోస్తే దాని పేరు ముందర రాస్తారు. ఈడ ముందరుండేది చక్కెర. దాని ఎనక మాల్టోడెక్స్‌ట్రిన్. పేరు వేరే గానీ ఒంట్లోకి పోతే అదీ చక్కెరే. రాగి పిండి మూడోది."

"చక్కెర పదకొండు గ్రాములే అని రాసినారు చూడు," అన్నాను. ఆ గ్రాముల పట్టికను నేను చూడటం అదే మొదలు.

"పదకొండు ఎంతకు? ఒకసారికి ఇరవై గ్రాములు కలుపుకుంటే పదకొండు. నువ్వు గ్లాసుకు ఎంతేస్తాండావు?"

"నాలుగు చెంచాలు. దినానికి మూడు గ్లాసులు."

"ఏ చెంచా?"

చూపించాను. ఆమె నా తక్కెడలోనే నాలుగు చెంచాల పొడి తూచింది. నలభై గ్రాములు. ఇక నన్నేమీ అడగలేదు. నా చక్కెర మూటలోంచి తీసి అరవై ఆరు గ్రాములు తూచి, కాగితం మీద కుప్ప పోసి, నాయన ముందు పెట్టింది.

"మూడు గ్లాసులకు ఇంత. దినామూ నీ కొడుకు పోస్తాండేది ఇదీ గంగాధరప్పా. నువ్వేమీ దొంగతనం చేయలేదు."

ఆ మాటకు అక్కడున్నవాళ్లు నా వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి నేను అరిచాను. "దిగు నా అంగడి! మొగుణ్ణి కాపాడుకోలేనిదానివి నాకు చెప్పొచ్చినావా?"

అనకూడని మాట. ఆమె ప్యాకెట్ బల్ల మీద పెట్టి దిగి వెళ్లిపోయింది.

ఇంతటితో ఆపి ఉంటే నేను ఒట్టి తెలివితక్కువవాడిని, అంతే. కానీ రాత్రి భోజనం వేళకు మళ్లీ గ్లాసు కలిపాను. ఆమె చెప్పిందని మానేస్తే వీధిలో తలెత్తుకోలేనని నా భయం. నాయన గ్లాసు అందుకున్నాడు.

"ఆయమ్మ చదివింది గదరా..."

"ఆమెను నమ్ముతావా, నన్ను నమ్ముతావా?"

ఆయన తాగాడు. పన్నెండు రోజులు తాగాడు. పదమూడో రోజు వేలు నల్లబడింది. అనంతపురం తీసుకుపోతే బొటనవేలితో పాటు పక్క వేలు కూడా తీసేశారు. ఏం తినిపిస్తున్నారని డాక్టరు నన్నే అడిగాడు. నాయనే చెప్పాడు, నా పేరు ఎత్తకుండా.

ఇంటికొచ్చాక ఒకసారి మగ్గంలో దిగాడు. చెక్క మీద పాదం నిలవలేదు. పైకెక్కి వచ్చి, మళ్లీ ఆ గుంత వైపు పోలేదు.

నేను పట్టికలు చదవడం నేర్చుకున్నాను. ముందు నూరు గ్రాములకు ఎంతుందో చూడాలి. మనం ఎంత తింటామో దానితో లెక్క వేసుకోవాలి. అట్ట మీది బొమ్మను అసలు చూడకూడదు. రోజా ఇప్పుడు గొణుక్కుంటూనే సంగటి గెలుకుతోంది. ఒకనాడు సాయంత్రం ఆయన ఆకలంటే, చక్కెర కలపని రాగి అటుకుల ప్యాకెట్ వెతికి, వెనకంతా రెండుసార్లు చదివి, గిన్నెలో పోసి తీసుకుపోయాను.

"చదివినా నాయనా. దీంట్లో చక్కెర కలపలేదు, తిను."

ఆయన గిన్నె వైపు చూడలేదు.

"టీచరమ్మను పిలుచుకుని రాపో. ఆయమ్మ చదివితే తింటా."

పోకుండా ఎట్లా ఉంటాను? ప్యాకెట్ పట్టుకుని ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. ఆమె వాకిలి దగ్గరే ఆపేసింది, లోపలికి రమ్మనలేదు.

"చదివేది నువ్వూ నేర్చుకున్నావంట గదా. మళ్ళా నేనెందుకు?"

"నేను చదివితే మా నాయన నమ్మడు టీచరమ్మా," అన్నాను.